అక్టోబరు రాకముందే చెప్పాల్సిన పాఠం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికా మండళ్ల సభ్యులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ప్రజారోగ్య అత్యవసర పరిస్థితులు, సంక్షోభ నిర్వహణ మీద పీజీ విద్యార్థులకు సెమిస్టరు కోర్సు పెట్టే ఆలోచనలో ఉన్నవారికీ, ఏదో ఒక పేరుతో ఇప్పటికే చెబుతున్నవారికీ ఈ లేఖ రాస్తున్నాం. ఎచ్చెర్లలో చెప్పినా, విజయనగరంలో చెప్పినా మా మనవి ఒకటే. యూనిట్ల వరస మార్చండి, పరీక్ష పెట్టే తీరు మార్చండి.

ఇలాంటి కోర్సులన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. మొదటి యూనిట్‌లో విపత్తు అంటే ఏమిటి, ఎన్ని రకాలు. రెండో దాంట్లో చట్టాలు. మూడో దాంట్లో అంతర్జాతీయ సంస్థలు. నాలుగులో అంటువ్యాధుల శాస్త్రం. తుపాన్లు, వరదలు, అతిసారం ‘కేస్ స్టడీలు’గా ఐదో యూనిట్‌లో, అంటే నవంబరులో, సగం క్లాసులు పరీక్ష ఫీజుల గొడవలో పోయేటప్పుడు వస్తాయి. మన జిల్లాల క్యాలెండరు మాత్రం అలా నడవదు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర దాటింది. గులాబ్ కాస్త ముందుగా, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి ఉత్తరాన దాటింది. కంటకాపల్లి–అలమండ మధ్య రెండు రైళ్లు ఢీకొన్నది 2023 అక్టోబరు 29 రాత్రి. గుర్లలో అతిసారం ప్రబలింది 2024 అక్టోబరులో. కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి ఆలయంలో తొక్కిసలాట 2025 నవంబరు 1న. జూలైలో మొదలయ్యే సెమిస్టరులో దసరా సెలవులు పోను అక్టోబరులో మిగిలే క్లాసులు ఎన్నో మీకు తెలుసు. తుపాను పాఠం తుపాను వెళ్లాక చెప్పడమంటే ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే.

వారానికి నాలుగు గంటల చొప్పున పదిహేను వారాలు, మొత్తం అరవై గంటలు అనుకుంటే మేమైతే ఇలా పంచుతాం. మొదటి ఐదు వారాలు నీళ్లకు, అతిసారానికి. తర్వాత నాలుగు వారాలు తుపానుకు. రెండు వారాలు జనసమ్మర్దానికీ, ఒకేసారి పెద్దసంఖ్యలో వచ్చే క్షతగాత్రులకూ. చట్టానికి ఒక వారం, సమాచారం చెప్పడానికి ఒక వారం. చివరి రెండు వారాలు పెద్ద కసరత్తుకు, దాని సమీక్షకు. చట్టానికి నాలుగు గంటలేనా అని కొందరు నొచ్చుకుంటారు. చాలు. ఎందుకో కింద చెబుతాం.

నీళ్లతో మొదలుపెట్టమనడానికి కారణం, ఈ జిల్లాల్లో ఏ విపత్తు వచ్చినా వారం తిరిగేసరికి అది నీళ్ల సమస్యగా మారుతుంది. ఇక్కడ పాఠం చెప్పాల్సింది బోర్డు మీద కాదు, బావి గట్టు మీద. బ్లీచింగ్ పౌడరు ఎంత వేయాలని అడిగితే చాలామంది వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములని ఠక్కున చెబుతారు. మామూలు రోజుల్లో, తేటనీటికి, మంచి పౌడరుకు అది సరిపోతుంది. వరద దిగిన బావికి సరిపోదు. ఆ తేడా విద్యార్థి చేత్తో చేసి చూడాలంటే హారాక్స్ ఉపకరణం కావాలి. ఆరు తెల్ల కప్పులు, ఒక నల్ల కప్పు, రెండు గ్రాములు పట్టే చెంచాలు, గాజు పుల్లలు, డ్రాపర్లు, స్టార్చ్ అయొడైడ్ ద్రావణం. ఇంతే సరంజామా.

నల్ల కప్పులో గీటుగా ఒక చెంచా పౌడరు వేసి, చుక్క నీటితో ముద్దలా కలిపి, లోపలి గీత వరకు నీరు పోసి తేరనివ్వాలి. తెల్ల కప్పుల్లో, ఒక్కో దాంట్లో 200 మిల్లీలీటర్ల బావి నీరు. మొదటి కప్పులో పైన తేరిన ద్రావణం ఒక చుక్క, రెండో దాంట్లో రెండు, అలా ఆరో దాంట్లో ఆరు. కలిపి అరగంట వదిలేయాలి. తర్వాత ప్రతి కప్పులో మూడు చుక్కల స్టార్చ్ అయొడైడ్. స్పష్టంగా నీలం తేలిన మొదటి కప్పు ఎన్నోదైతే, 455 లీటర్లకు అన్ని చెంచాలు. మూడో కప్పు నీలమైతే మూడు చెంచాలు, అంటే ఆరు గ్రాములు.

ఇప్పుడు లెక్క. రెండు మీటర్ల అడ్డకొలత, మూడు మీటర్ల నీళ్లున్న బావి. అడ్డకొలత వర్గాన్ని 3.14తో, నీటి లోతుతో గుణించి నాలుగుతో భాగిస్తే 9.42 ఘనపు మీటర్లు, అంటే 9,420 లీటర్లు. నోటి లెక్క ప్రకారం 24 గ్రాములు చాలు. మూడో కప్పు లెక్క ప్రకారం 124 గ్రాములు కావాలి. ఐదింతలు. నీటిలో మట్టి, కుళ్లిన ఆకు, పేడ ఎంత ఉంటే అవి అంత క్లోరిన్‌ను ముందుగా తినేస్తాయి, సూక్ష్మజీవికి మిగిలేది ఆ తర్వాతే. నీరు మరీ బురదగా ఉంటే ముందు పటిక వేసి తేర్చాలి, లేదా తోడి పోయాలి. బురదలో వేసిన పౌడరు బూడిదలో పోసిన పన్నీరు.

బకెట్‌కు వంద గ్రాములకు మించి కలపకూడదు కాబట్టి 124 గ్రాములకు రెండు బకెట్లు పడతాయి. ముప్పావు బకెట్ నీటిలో కలిపి ఐదు పది నిమిషాలు ఆగి, పైన తేరినదాన్ని వేరే బకెట్‌లోకి వంచుకోవాలి. అడుగున దిగిన సున్నం బావిలో పోయకూడదు, పోస్తే నీటి కఠినత్వం పెరుగుతుంది. తేటను బకెట్‌తోనే నీటి మట్టం కిందికి దించి, పైకీ కిందికీ ఆడించి కలపాలి. పైనుంచి కుమ్మరిస్తే అడుగు నీటికి మందు అందదు. గంట ఆగి పరీక్షిస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాముల మిగులు క్లోరిన్ చూపాలి. చూపకపోతే మళ్లీ వేయాల్సిందే. ఈ పని రాత్రి, ఊరంతా నీళ్లు తోడుకున్నాక చేయడం మేలు.

రక్షిత నీటి పథకాల దగ్గర పొరపాటు ఇంకోచోట జరుగుతుంది. 40 వేల లీటర్ల ట్యాంకుకు లీటరుకు రెండు మిల్లీగ్రాముల మోతాదు కావాలంటే స్వచ్ఛమైన క్లోరిన్ 80 గ్రాములు. పౌడరు 33 శాతం బలం ఉన్నదైతే 240 గ్రాములు చాలు. అదే పౌడరు పంచాయతీ కార్యాలయం మూలన మూతి విప్పిన సంచిలో రెండు వానాకాలాలు గడిపి 20 శాతానికి పడిపోతే 400 గ్రాములు కావాలి. వాటర్‌మ్యాన్ మాత్రం ఎప్పటిలాగే అదే డబ్బాతో కొలిచి వేస్తాడు. అతని తప్పు లేదు, సంచి బలం తగ్గిందని అతనికి చెప్పినవారు లేరు. అందుకే ప్రతి విద్యార్థి కనీసం మూడు సంచుల బలం పరీక్షించాలి. ఆ తర్వాత ట్యాంకు దగ్గర కాక, లైను చివరి ఇంటి కుళాయి దగ్గర క్లోరిన్ చూడాలి. అక్కడ 0.2 మిల్లీగ్రాములైనా లేకపోతే ట్యాంకులో ఎంత ఉన్నా లాభం లేదు.

చివరి కుళాయి దాకా నడిస్తే రోగం ఎలా వస్తుందో కళ్లకు కడుతుంది. రోజుకు గంటో రెండు గంటలో వదిలే లైనులో, నీరు ఆగిన క్షణం నుంచి పీడనం పడిపోతుంది. మురుగుకాలువలోంచి వెళ్లే పైపుకు చిల్లు ఉంటే, నీరు వదిలినప్పుడు అది బయటికి చిమ్ముతుంది, ఆపినప్పుడు మురుగును లోపలికి పీలుస్తుంది. ధార ఎక్కువ రావాలని గుంత తీసి కుళాయిని నేలమట్టానికి దిగువన పెట్టుకున్న ఇళ్లుంటాయి, వాన పడితే ఆ గుంతే మురుగుతొట్టి. లైనుకు నేరుగా మోటారు బిగించినచోట పీల్పు ఇంకా ఎక్కువ. గేట్‌వాల్వు గుంతలు సరేసరి. విద్యార్థుల బృందం ఒక ఊరి పైపులైను పటం గీసి, కాలువ దాటే ప్రతిచోటా ఎర్రచుక్క పెట్టుకుని వస్తే, ఆ పటం ఆ పంచాయతీకి కూడా పనికొస్తుంది.

ఇక అతిసారం దర్యాప్తు. ఇది క్లాసులోనే లెక్కలతో చేయించొచ్చు. ఒక ఊహా గ్రామం ఇవ్వండి. 480 మంది జనాభా, రెండు కుళాయి లైన్లు. తూర్పు లైను తాగేవారు 200 మంది, వారిలో 44 మందికి విరేచనాలు. పడమర లైను 280 మంది, వారిలో 14 మందికి. తూర్పున 22 శాతం, పడమర 5 శాతం, అంటే ముప్పు 4.4 రెట్లు. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. అసలు పాఠం పడమర 14 మందిది. వారిలో ఎనిమిది మంది తూర్పు వీధి బడిలో చదివే పిల్లలనీ, ముగ్గురు అక్కడి టీ దుకాణంలో కూర్చునేవారనీ లైన్ లిస్టులో, అంటే రోగుల వివరాల పట్టికలో, ఒక గడిలో రాసి ఉంచండి. ‘రోగి ఇల్లు ఎక్కడ’ అని మాత్రమే అడిగిన బృందానికి ఇది దొరకదు, ‘గత ఐదు రోజుల్లో నీళ్లు ఎక్కడెక్కడ తాగారు’ అని అడిగినవారికి దొరుకుతుంది. కలరా క్రిమి లోపలికి వెళ్లిన కొద్ది గంటల నుంచి ఐదు రోజుల లోపు లక్షణాలు చూపుతుంది, ప్రశ్నలో ఐదు రోజులు ఉండడానికి కారణం అదే. లీకు బాగుచేసిన తర్వాత కూడా ఐదు రోజులపాటు కొత్త కేసులు వస్తూనే ఉండొచ్చు. ‘బాగుచేశామన్నారు, మరి ఇవెక్కడివి’ అని ఊరు నిలదీస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు ముందే సిద్ధంగా ఉండాలి.

లెక్క మొదలుకాకముందే కేసు అంటే ఏమిటో రాసుకోవాలి. ఏ తేదీ తర్వాత, ఏ ఊరి పరిధిలో, 24 గంటల్లో మూడు అంతకుమించి నీళ్ల విరేచనాలు. మరణానికీ అలాగే నిర్వచనం ముందే కావాలి. అది లేకపోతే ఏం జరుగుతుందో గుర్ల చూపించింది. వైద్యాధికారులు ఒక అంకె, గ్రామస్థులు ఇంకో అంకె, నాయకులు మరో అంకె చెప్పారు. వృద్ధుడు గుండెజబ్బుతో ఉండి, విరేచనాలతో నీరసించి పోతే అది ఏ ఖాతా? చర్చ జరగాల్సింది క్లాసులో, పాడె లేచాక కాదు. నమూనాల మాట కూడా ఇక్కడే చెప్పాలి. యాంటీబయాటిక్ వేయకముందే ఐదు నుంచి పది మంది మల నమూనాలు, ల్యాబ్‌కు చేరేదాకా చెడకుండా ఉంచే క్యారీబ్లెయిర్ మాధ్యమంలో తీసుకోవాలి. ల్యాబ్ ఫలితం వచ్చేదాకా క్లోరినేషన్ ఆపి కూర్చోవడం మాత్రం నేరం.

చికిత్స డాక్టర్ల పని. సరుకు లెక్క మాత్రం ఈ కోర్సు పని. తీవ్రంగా నీరు కోల్పోయిన 60 కిలోల మనిషికి కిలోకు వంద మిల్లీలీటర్ల చొప్పున ఆరు లీటర్ల రింగర్ లాక్టేట్ ద్రవం నరంలోకి మూడు గంటల్లో ఎక్కాలి. మొదటి అరగంటలో 1.8 లీటర్లు, మిగతా రెండున్నర గంటల్లో 4.2 లీటర్లు. అరలీటరు సీసాలు ఒక్క మనిషికి పన్నెండు. అలాంటివారు ఇరవై మంది వస్తే 240 సీసాలు. పీహెచ్‌సీ స్టోర్‌లో ఎన్ని ఉన్నాయి? విద్యార్థి అడగాల్సిన మొదటి ప్రశ్న అది. ఓఆర్ఎస్ పొట్లం 20.5 గ్రాములదైతే సరిగ్గా లీటరు నీటికి, చిన్నదైతే 200 మిల్లీలీటర్లకు. పెద్ద పొట్లాన్ని గ్లాసులో కలిపి పసిబిడ్డకు పడితే ఉప్పు ఎక్కువై ప్రాణం మీదికి వస్తుంది. పొట్లాలు పంచిన బృందం లీటరు కొలత చూపించే సీసా కూడా వెంట తీసుకెళ్లిందా అన్నది మార్కు పడే అంశంగా పెట్టండి.

తుపానుకు నాలుగు వారాలు అడిగాం. మొదటి వారం హెచ్చరికలు చదవడం. వాతావరణశాఖ 72 గంటల ముందు తుపాను పరిశీలన, 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు హెచ్చరిక, 12 గంటల ముందు తీరం దాటాక ఏమవుతుందన్న అంచనా ఇస్తుంది. ఈ నాలుగు గడువులనే పట్టికకు నిలువు గడులుగా పెట్టుకుని, అడ్డంగా శాఖలు రాసి, ప్రతి గడిలో ఒక పని, ఒక మనిషి, ఒక ఫోన్ నంబరు నింపించాలి. ‘సంబంధిత అధికారులు’ అని రాసిన గడికి సున్నా.

ప్రాణం నిలిపేవి జాబితాలు. రెండు వారాల్లో ప్రసవం కావాల్సిన గర్భిణులు, డయాలసిస్ రోగులు, ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్నవారు, టీబీ, హెచ్‌ఐవీ మందులు వాడేవారు, ఇన్సులిన్ వాడేవారు, మంచం దిగలేనివారు. ఏఎన్‌ఎం, ఆశా దగ్గర ఇవి ఉంటాయి. ఉన్నది సెల్‌ఫోన్‌లో, టవర్ పడితే జాబితా పోయినట్టే. 48 గంటల మార్కు దగ్గర కాగితం మీద మూడు ప్రతులు తీయడం ఒక పనిగా పట్టికలో ఉండాలి. సీతంపేట, పార్వతీపురం కొండల మీద గెడ్డ పొంగితే డోలీ కూడా కదలదు కాబట్టి అక్కడ గర్భిణులను దించే గడువు తీర గ్రామాలకన్నా ముందే పడుతుంది.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం గురించి ఏ జాతీయ పాఠ్యపుస్తకంలోనూ దొరకని లెక్క ఒకటుంది, అది ఇక్కడే చెప్పాలి. ఒక డయాలసిస్ నాలుగు గంటలు సాగుతుంది. యంత్రంలోంచి నిమిషానికి అరలీటరు ద్రవం పోతుంది. మనిషికి 120 లీటర్ల శుద్ధజలం. పది యంత్రాలు మూడు షిఫ్టులు నడిస్తే రోజుకు 3,600 లీటర్లు, ఆర్‌వో వదిలేసే నీటిని కలిపితే ముడినీరు ఇంకా ఎక్కువ. కరెంటు ఒక్కటే పోయినా, నీళ్లు ఒక్కటే పోయినా కేంద్రం ఆగినట్టే. జనరేటరు ఉందా అంటే సరిపోదు, డీజిల్ ఎన్ని గంటలకు ఉంది, ఆర్‌వో మోటారు కూడా జనరేటరు లైను మీదే ఉందా అని అడగాలి. పలాసలో, సోంపేటలో, కవిటిలో డయాలసిస్ మీద బతికేవారికి తుపాను తీరం దాటే ముందు రోజే ఒక దఫా పూర్తిచేసి పంపాలి. దాటాక రెండు మూడు రోజులు రోడ్లు తెరుచుకోవని లెక్క వేసుకోవాలి. ఆ మూడు రోజులు ఇంట్లో ఏం తినాలి, ఎంత తాగాలి అన్న కాగితం వారి చేతిలో ఉండాలి.

ఆ కాగితంలో మొదటి వాక్యం కొబ్బరినీళ్లు తాగవద్దని. ఊరంతా కొబ్బరిచెట్లు కూలి, బోరుకు కరెంటు లేక మంచినీళ్లు దొరకని పూట, కాళ్ల దగ్గర బొండాలు గుట్టలుగా పడి ఉంటాయి. ఆరోగ్యవంతుడికి అది వరం. డయాలసిస్ తప్పిన మనిషికి అందులోని పొటాషియం గుండెను ఆపగలదు. సహాయంగా వచ్చినవారు ప్రేమతో అరటిపళ్లు పంచినా అదే ప్రమాదం. బయటి నుంచి వచ్చే సహాయక బృందానికి ఇది తోచదు, ఉద్దానంలో పుట్టిన విద్యార్థికి తోచాలి.

మిగతావి త్వరగా చెబుతాం. టీకాలు ఉన్న ఐఎల్‌ఆర్ ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కరెంటు పోగానే మూత తెరిచి చూడడమే అందరూ చేసే తప్పు. పాముకాటుకు మొదటి మోతాదే ఎనిమిది నుంచి పది వయల్స్, వరద తర్వాత పీహెచ్‌సీలో నాలుగే ఉంటే అవి లేనట్టే లెక్క. పాముకాటు రోగికి చేసే రక్తం గడ్డకట్టే పరీక్షకు రెండు మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచాలి. ప్లాస్టిక్ గొట్టంలో చేస్తే ఫలితం తప్పు వస్తుంది, అందుకే కిట్‌లో గాజు గొట్టం ఉందో లేదో ముందే చూడాలి. పునరావాస కేంద్రానికి అంతర్జాతీయంగా ఒప్పుకున్న కొలత మనిషికి మూడున్నర చదరపు మీటర్లు, రోజుకు పదిహేను లీటర్ల నీరు. ఆరు మీటర్లకు ఎనిమిది మీటర్లున్న నాలుగు గదుల బడిని ఈ కొలతతో చూస్తే 54 మందికే చోటు. తుపాను రాత్రి అందులో మూడు వందల మంది ఉంటారని అందరికీ తెలుసు. ఒక్క రాత్రికి అది తప్పదు. మూడో రాత్రికి కూడా అలాగే ఉంటే అప్పుడు ఏం చేస్తారు, మరుగుదొడ్లు ఎన్ని, ఆడవాళ్లకు విడిగా ఏవి, దీపం ఎక్కడ, అని రాయమనండి.

జనసమ్మర్దం పాఠం సెప్టెంబరులో పడుతుంది, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ముందు. ఇది మంచి అవకాశం. చదరపు మీటరుకు ఐదుగురు దాటితే మనిషి తన ఇష్టప్రకారం కదలలేడు, గుంపు ఎటు ఒరిగితే అటు. చాలామంది పోయేది కాళ్ల కింద నలిగి కాదు, ఛాతీ ఒత్తుకుపోయి ఊపిరాడక, నిలబడి ఉండగానే. కాబట్టి ‘తోసుకోవద్దు’ అని మైకులో అరవడం మందు కాదు, లోపలికి వచ్చే ద్వారం దగ్గర లెక్కపెట్టి ఆపడం మందు. చదునైన దారిలో మీటరు వెడల్పుకు నిమిషానికి సుమారు ఎనభై మంది దాటగలరు. రెండు మీటర్ల గేటు ఒక్కటే ఉన్నచోట మూడు వేల మంది బయటపడాలంటే పంతొమ్మిది నిమిషాలు. మెట్లుంటే ఇంకా ఎక్కువ. వచ్చేవారూ పోయేవారూ అదే గేటు వాడితే ఈ లెక్క కూడా చెల్లదు. విద్యార్థులు టేపు పట్టుకుని అరసవల్లి క్యూలైన్లకో, తమ ఊరి గుడికో ఈ లెక్క కట్టి తేవాలి.

రైలు ప్రమాదానికి, ఎవరికి ముందు చికిత్స కావాలో రంగులతో వేరుచేసే స్టార్ట్ పద్ధతి చాలు, మనిషికి నిమిషం లోపు. ఎరుపు అంటే వెంటనే, పసుపు అంటే కాస్త ఆగొచ్చు, పచ్చ అంటే చిన్న గాయాలు, నలుపు అంటే ప్రాణం పోయినవారు. నడవగలిగినవారంతా పచ్చ. ఊపిరి లేకపోతే శ్వాసదారి తెరిచి చూడాలి, అయినా రాకపోతే నలుపు, వస్తే ఎరుపు. నిమిషానికి ముప్పైకి మించి శ్వాసలు తీస్తుంటే ఎరుపు. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లు దాటినా రంగు తిరిగిరాకపోతే ఎరుపు. చెప్పిన మాట ప్రకారం చెయ్యి ఎత్తలేకపోయినా ఎరుపు. మిగిలినవారు పసుపు. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, పచ్చవారు ఆటోల్లో, బైకుల మీద ముందుగా దగ్గరి ఆసుపత్రికి చేరి మంచాలన్నీ నిండిపోతాయి, బోగీలోంచి తీసిన ఎరుపువారు ఆలస్యంగా వచ్చి వరండాలో పడుకుంటారు. పచ్చవారిని ఏ ఆసుపత్రికి మళ్లించాలో ముందే రాసి ఉంచడం నిర్వహణ.

చట్టానికి నాలుగు గంటలు చాలన్నాం. 2005 విపత్తు నిర్వహణ చట్టంలో జిల్లా స్థాయికి కావాల్సినవి 25, 30, 31, 34 సెక్షన్లు. కలెక్టరు అధ్యక్షతన జిల్లా సంస్థ, దాని అధికారాలు, జిల్లా ప్రణాళిక, ముప్పు వేళ చేయగలిగిన పనులు. దానికి తోడు 1897 అంటువ్యాధుల చట్టం, 2020 సవరణ. వ్యాధి నిఘాలో ఆరోగ్య కార్యకర్త ఇచ్చే ఎస్ ఫారం, డాక్టరు ఇచ్చే పి ఫారం, ల్యాబ్ ఇచ్చే ఎల్ ఫారం. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్లోని నాలుగు ప్రశ్నలు: ప్రభావం తీవ్రమా, ఘటన అసాధారణమా, దేశాలు దాటే ముప్పుందా, రాకపోకల మీద ఆంక్షలు వచ్చే ముప్పుందా. రెండింటికి అవునంటే 24 గంటల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలియజేయాలి. వీటిని బట్టీ పట్టించడానికి కాక, కసరత్తు మధ్యలో ‘ఈ బడిని స్వాధీనం చేసుకునే ఉత్తర్వు ఎవరి సంతకంతో వెళ్లాలి’ అని అడగడానికి వాడండి. అప్పుడు సెక్షను దానంతట అదే గుర్తుంటుంది.

సమాచారం వారం గురించి ఒక్క ఉదాహరణ. ‘ప్రజలు అప్రమత్తంగా ఉండాలి, పుకార్లు నమ్మవద్దు, పరిస్థితి అదుపులో ఉంది.’ ఇందులో చేయాల్సిన పని ఒక్కటీ లేదు. విద్యార్థి రాయాల్సింది ఇలా ఉండాలి: ‘తూర్పు వీధి కుళాయి నీరు ఈ రాత్రి 8 నుంచి తాగవద్దు, గిన్నెలు కడగవద్దు. రామాలయం దగ్గర ట్యాంకరు ఉదయం 6కి, సాయంత్రం 4కి వస్తుంది. మూడుసార్లు విరేచనమైతే వెంటనే బడిలోని శిబిరానికి రండి, రాత్రి కూడా డాక్టరు ఉంటారు. ఇంకో నాలుగైదు రోజులు కొత్త కేసులు రావచ్చు. మళ్లీ రేపు ఉదయం 10కి చెబుతాం.’ ఇదే సందేశం సీతంపేట వైపు సవరలో, ఇచ్ఛాపురం వైపు ఒడియాలో, దండోరా వేసేవాడు చదవగలిగేంత చిన్నగా ఉండాలి. పైడిభీమవరం లాంటి పారిశ్రామిక ప్రాంతానికి విషవాయువు లీకైందని ఒక సందేశం రాయించండి. అందులో గాలి ఎటు వీస్తోంది, దానికి అడ్డంగా ఏ వైపు నడవాలి అన్నది లేకపోతే వెనక్కి ఇచ్చేయండి. 2020 మే 7న విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురంలో స్టైరిన్ లీకైంది తెల్లవారుజామున, జనం నిద్రలో ఉండగా. సైరనా, ఫోనా, తలుపు తట్టడమా అన్న ప్రశ్న అక్కడి నుంచే తీసుకోవచ్చు.

చివరి కసరత్తు పూర్తి రోజు పెట్టండి. ఐదుగురి బృందాలు, ఒక్కో బృందంలో ఒకే శాఖ విద్యార్థులు ఇద్దరికి మించకుండా. ప్రతి నలభై నిమిషాలకు ఒక చీటీ అందాలి. వంశధారకు గొట్టా దగ్గర నీటి విడుదల పెరిగింది. వైద్యాధికారి ఫోన్ కలవడం లేదు. ఒక చీటీలో సమాచారం తప్పు కావాలి, ఇంకో చీటీ దాన్ని ఖండించాలి. ప్రతిసారీ బృందం ఒకే పేజీ పరిస్థితి నివేదిక ఇవ్వాలి: ఏం తెలుసు, ఏం తెలియదు, ఏం నిర్ణయించాం, ఎవరు చేస్తారు, ఎప్పుడు మళ్లీ చూస్తాం. నిర్ణయం తప్పినందుకు మార్కులు కోయకండి, రాయనందుకు కోయండి. వంద మార్కుల్లో నీటి ప్రయోగాలకు ముప్పై, పటాలూ జాబితాలూ పట్టికలకు ముప్పై, ఈ కసరత్తు రోజుకు నలభై. ‘విపత్తును నిర్వచించుము’ అన్న ప్రశ్నకు ఈ వందలో చోటు లేదు.

చెప్పేవారు ప్రొఫెసర్లే కానక్కరలేదు. ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా) ఇంజినీరు, సీనియర్ ఏఎన్‌ఎం, 108 టెక్నీషియన్, విద్యుత్ శాఖ లైన్‌మన్ తలా రెండు గంటలు చెబితే చాలు, వారికి అతిథి అధ్యాపకులకు ఇచ్చే పారితోషికమే ఇవ్వండి, శాలువా సరిపోదు. రోగుల పేర్లున్న జాబితాలు విద్యార్థుల చేతికి ఇవ్వకండి, ఊహా పేర్లతో చేయించండి. నిజంగా అతిసారం ప్రబలిన ఊరికి బస్సు కట్టి తీసుకెళ్లకండి. అక్కడ వారు అడ్డమే తప్ప సాయం కాదు.

జూలై క్లాసులకు జూన్‌లోనే కావాల్సినవి కొద్దిపాటివే. నాలుగు హారాక్స్ సెట్లు, క్లోరిన్ పరీక్ష కిట్లు పది, యాభై మీటర్ల టేపులు, రెండు మండలాల పెద్ద పటాలు. మూడు అనుమతులు కూడా కావాలి. జిల్లా ప్రణాళిక ప్రతి కోసం కలెక్టరేట్‌కు, మందుల స్టోర్ చూడడానికి డీఎంహెచ్‌వోకు (జిల్లా వైద్యారోగ్యాధికారికి), ట్యాంకు దగ్గర నీరు పట్టుకుని పైపులైను వెంట నడవడానికి పంచాయతీకి, ఆర్‌డబ్ల్యూఎస్‌కు. చివరిది ఇద్దరి చేతుల్లో ఉంటుంది కాబట్టి ముందు దానికే రాయండి.

ఇట్లు,
ప్రజారోగ్యం, తాగునీరు, విపత్తు నిర్వహణ పనుల్లో ఉన్న కొందరం
శ్రీకాకుళం – విజయనగరం